పాత మందుకు కొత్త పని: పెద్దప్రేగు క్యాన్సరులో సంయోగ చికిత్స

కరక్కాయ ఒక్కటే. కాని దానిని వర్షఋతువులో సైంధవ లవణంతోను, శరత్తులో చక్కెరతోను, హేమంతంలో శొంఠితోను, శిశిరంలో పిప్పళ్లతోను, వసంతంలో తేనెతోను, గ్రీష్మంలో బెల్లంతోను సేవింపవలెనని మన గ్రంథాలు విధించాయి. దీనినే ఋతుహరీతకి అంటారు. ద్రవ్యం మారలేదు. కాలం మారినది, తోడు మారినది, దానితో ఫలమూ మారినది. ఏ రోగికి, ఏ మాత్రలో, ఏ అనుపానంతో, ఎంతకాలం ఇవ్వవలెనో నిర్ణయించే వివేకానికి ఆయుర్వేదంలో 'యుక్తి' అని పేరు. ద్రవ్యాల పేర్లు మాత్రమే తెలిసినవారి కంటె యుక్తి తెలిసిన వైద్యుడే అధికుడని చరకాచార్యుని అభిప్రాయం.

ఆధునిక వైద్యులు ఈనాడు 'ఔషధ పునర్వినియోగం' అని పిలిచే పద్ధతిని అర్థం చేసుకొనుటకు ఈ యుక్తి అనే మాట మనకు చక్కగా ఉపకరిస్తుంది. ఒక వ్యాధికి చిరకాలంగా వాడుకలో ఉన్న మందును వేరొక వ్యాధికి పరీక్షించి వాడుటయే ఆ పద్ధతి. కొత్త మందును కనిపెట్టి అంగడికి తెచ్చుటకు సాధారణంగా పదేళ్లకు పైగా పడుతుంది, ధనవ్యయమూ అపారం. పాత మందుకైతే మాత్ర తెలుసు, దోషాలు తెలుసు, వెలయు తక్కువ. అందుచేత నులిపురుగుల మందు, కంటి చుక్కల మందు, తలనొప్పి మాత్ర, విరేచనాల మందు వంటివన్నీ పెద్దప్రేగు క్యాన్సరు విషయంలో పరీక్షకు వచ్చాయి. కొన్ని నెగ్గాయి, కొన్ని ఓడాయి. నెగ్గినవి ఎందుకు నెగ్గాయో, ఓడినవి ఎందుకు ఓడాయో తెలిసికొనుట ప్రతి గృహస్థుకూ అవసరం. ఏలయన, ఇవి అనేకం మన ఇంటి మందుల డబ్బాలోనే ఉన్నాయి.

వ్యాధి స్వరూపం

పెద్దప్రేగు సుమారు ఐదడుగుల పొడవు ఉంటుంది. దాని లోపలి పొర మీద కొందరికి చిన్న చిన్న కండ పిలకలు మొలుస్తాయి. వీటిని పాలిప్స్ అంటారు. వీటిలో ఎక్కువ భాగం నిరపాయకరంగానే ఉండిపోతాయి. కొన్ని మాత్రం సుమారు పది సంవత్సరాల కాలంలో మెల్లగా స్వభావం మార్చుకొని క్యాన్సరుగా పరిణమిస్తాయి. అది ప్రేగు గోడను దాటి సమీపంలోని లింఫు గ్రంథులకు చేరితే మూడవ దశ, కాలేయం, ఊపిరితిత్తులు మొదలైన దూరపు అవయవాలకు చేరితే నాలుగవ దశ అని లెక్కిస్తారు.

దూరానికి ప్రాకని వ్యాధికి ప్రధాన చికిత్స శస్త్రకర్మయే. అయితే గడ్డను కోసివేసిన తరువాత కంటికి కనిపించని కణాలు ఎక్కడైనా మిగిలి ఉండవచ్చును. శేషం మిగిలిన అర్బుదం మరల పెరుగుతుందని, కావున నిశ్శేషంగా తొలగింపవలెనని సుశ్రుతాచార్యుడు అర్బుద చికిత్సలో హెచ్చరించాడు. ఆ శేషాన్ని నిర్మూలించుటకే శస్త్రచికిత్స అనంతరం కీమోథెరపీ ఇస్తారు. 1957లో వెలువడిన ఫ్లోరోయురాసిల్ అనే మందు నేటికీ ఈ చికిత్సకు మూలస్తంభం. దానినిగాని, దేహంలోనికి పోయి ఫ్లోరోయురాసిల్‌గా మారే కాపెసిటబిన్ మాత్రనుగాని నేడు తరచుగా ఆక్సాలిప్లాటిన్‌తో కలిపి ఇస్తున్నారు.

ఒక్క మందు చాలదా, కలిపి ఇవ్వవలసిన అవసరమేమి అని పాఠకులు అడుగవచ్చును. క్యాన్సరు కణాలన్నీ ఒకే తీరున ఉండవు. ఒక మందు ఒక దారిని మూసివేస్తే కొన్ని కణాలు మరొక దారిన పెరుగుతాయి. రెండు మూడు దారులను ఒకేసారి మూయుట సంయోగ చికిత్స ఉద్దేశం. కొన్ని సంయోగాలలో రెండవ మందు స్వయంగా కణాన్ని చంపదు, మొదటి దానికి బలం చేకూరుస్తుంది. మన అనుపానం వంటిదన్నమాట.

నులిపురుగుల మందు కథ

ఈ విషయంలో మొదట చెప్పుకోవలసినది లెవమిసోల్ చరిత్ర. 1960ల దశకంలో బెల్జియం దేశంలో తయారైన ఈ మందు ఏలికపాములను వెడలగొట్టుటకు మనుషులకు, గొఱ్ఱెలకు, పశువులకు వాడబడినది. ఇది దేహంలోని రోగనిరోధక శక్తిని కూడ ప్రేరేపిస్తుందని 1970ల దశకంలో పరిశోధకులు గమనించారు. అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన చార్లెస్ మోర్టెల్ మొదలైన వైద్యులు దీనిని పెద్దప్రేగు క్యాన్సరు రోగులపై పరీక్షించి 1990లో ఫలితాలను ప్రకటించారు. లింఫు గ్రంథులకు వ్యాధి ప్రాకి శస్త్రచికిత్స జరిగిన 929 మందిలో, ఫ్లోరోయురాసిల్, లెవమిసోల్ రెండూ కలిపి ఒక సంవత్సరం తీసికొన్నవారికి వ్యాధి తిరగబెట్టే ప్రమాదం 41 శాతం, మరణాల రేటు 33 శాతం తగ్గాయి. అదే సంవత్సరం అమెరికా ప్రభుత్వం ఈ సంయోగాన్ని అనుమతించినది.

ఇందులో రెండు సంగతులు గమనింపదగినవి. లెవమిసోల్‌ను ఒంటరిగా తీసికొన్నవారికి చెప్పుకోదగిన లాభం కలుగలేదు. ఫలితం కనిపించినది సంయోగంలోనే. రెండవది, కథ అక్కడితో ముగియలేదు. ఫ్లోరోయురాసిల్‌తో లూకోవోరిన్‌ను కలిపి ఆరు నెలలు ఇస్తే ఫలితం తక్కువ కాదని తరువాతి పరీక్షలు నిరూపించాయి. లెవమిసోల్ వలన కొందరికి రక్తంలోని తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయేవి. అందుచేత అది క్రమంగా వాడుక తప్పి, 2000 నాటికి అమెరికా అంగడి నుండి తొలగిపోయినది.

దాని స్థానాన్ని ఆక్రమించిన లూకోవోరిన్ కూడ పాత మందే కావడం విశేషం. ఇది ఫోలిక్ ఆమ్లం జాతికి చెందిన విటమిను రూపం. మెథోట్రెక్సేట్ అనే మందు వలన కలిగే విషప్రభావానికి విరుగుడుగా మొదట వాడారు. ఫ్లోరోయురాసిల్‌తో కలిసినపుడు మాత్రం ఇది విరుగుడు కాదు, ఆ మందు క్యాన్సరు కణంలోని ఎంజైమును మరింత గట్టిగా పట్టుకొనునట్లు చేస్తుంది. ఒకచోట విరుగుడైనది మరొకచోట తీక్ష్ణతను పెంచే తోడైనది.

కంటి చుక్కల నుండి క్యాన్సరు మాత్రకు

ఫ్లోరోయురాసిల్‌ను కనుగొన్న చార్లెస్ హైడెల్‌బెర్గరే 1964లో ట్రైఫ్లూరిడిన్ అనే మరొక ద్రవ్యాన్ని తయారుచేశాడు. క్యాన్సరుకు వాడదలచినా, దేహంలో అది నిమిషాల మీద విచ్ఛిన్నమై నిరుపయోగమయ్యేది. కడకు కంటినల్లగ్రుడ్డు పైపొరకు వచ్చే హెర్పిస్ వ్యాధికి చుక్కల మందుగా స్థిరపడినది. అనేక సంవత్సరాల తరువాత జపాను శాస్త్రజ్ఞులు దానికి టిపిరాసిల్ అనే తోడును చేర్చారు. టిపిరాసిల్ చేసే ముఖ్యమైన పని, ట్రైఫ్లూరిడిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును అడ్డుకొనుట. ఈ జంట మాత్రను 2014లో జపాను, 2015లో అమెరికా అనుమతించాయి.

ఇతర చికిత్సలు పనిచేయని ముదిరిన పెద్దప్రేగు క్యాన్సరు రోగులలో ఈ మాత్రకు బెవాసిజుమాబ్ అనే సూదిమందును జతచేసి 492 మందిపై పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. మాత్ర ఒక్కటే తీసికొన్నవారి మధ్యస్థ జీవితకాలం 7.5 నెలలు కాగా, రెండూ తీసికొన్నవారిది 10.8 నెలలు. ఇది వ్యాధిని నిర్మూలించుట కాదు. మూడు నెలలకు పైగా ఆయువు పెరిగినదని మాత్రమే దీని అర్థం. ఆ మూడు నెలల విలువ రోగి కుటుంబానికే తెలుస్తుంది. అయినను లాభాన్ని ఉన్నదాని కంటె ఎక్కువగా చెప్పుట వైద్యధర్మం కాదు.

ఆస్పిరిన్: ఎవరికి హితం, ఎవరికి అహితం?

1988లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగర పరిశోధకులు ఆస్పిరిన్ వాడేవారిలో పెద్దప్రేగు క్యాన్సరు తక్కువగా కనిపించుచున్నదని ప్రకటించిన నాటి నుండి ఈ మాత్రపై పరీక్షలు సాగుతున్నాయి. వాటి ఫలితాలు పైకి పరస్పర విరుద్ధంగా తోచినా, రోగిభేదాన్ని దృష్టిలో ఉంచుకొని చదివితే ఒక క్రమం కనబడుతుంది.

లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య దోషం ఉన్నవారికి ఈ క్యాన్సరు వచ్చే ప్రమాదం మిక్కిలి అధికం. అటువంటి 861 మందిని లాటరీ పద్ధతిలో రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి దినానికి 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, రెండవ వర్గానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 2020లో ప్రకటించిన దీర్ఘకాల ఫలితాల ప్రకారం ఆస్పిరిన్ వర్గంలో 9 శాతానికి, రెండవ వర్గంలో 13 శాతానికి ఈ క్యాన్సరు వచ్చినది.

ఇక ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల సంగతి. ఆస్ట్రేలియా, అమెరికా దేశాలలో 19,114 మంది పెద్దవయస్సు వారిపై దినానికి 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌తో జరిగిన పరీక్ష ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఇందులో తీవ్ర రక్తస్రావం మందు తీసికొన్న వర్గంలో 3.8 శాతం, తీసికొనని వర్గంలో 2.8 శాతం. క్యాన్సరు మరణాలు సైతం ఆస్పిరిన్ వర్గంలోనే కొంచెం అధికంగా కనిపించాయి.

శస్త్రచికిత్స అయిన రోగులలోనూ ఇదే భేదం. సింగపూరు కేంద్రంగా భారతదేశంతో సహా ఆసియా, పసిఫిక్ దేశాలలో జరిగిన పరీక్షలో, జన్యుభేదం చూడకుండ అందరికీ దినానికి 200 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే నిశ్చయంగా చెప్పదగిన లాభం కలుగలేదు. స్వీడన్, డెన్మార్క్, నార్వే, ఫిన్లాండ్ దేశాల వైద్యులు వేరొక మార్గం అనుసరించారు. వారు 3,508 మంది పెద్దప్రేగు, మలాశయ క్యాన్సరు రోగుల గడ్డలను ముందుగా పరీక్షించి, పి.ఐ.కె.3.సి.ఎ. అనే జన్యువులోగాని, దానికి సంబంధించిన జన్యువులలోగాని మార్పు ఉన్నవారిని ఎంపిక చేశారు. సుమారు 37 శాతం మందిలో అట్టి మార్పు కనబడినది. వారిలో 626 మందికి మూడేళ్లపాటు దినానికి 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌గాని, ఉత్తుత్తి మాత్రగాని ఇచ్చారు. 2025లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆ ముఖ్య జన్యుమార్పు ఉన్నవారిలో మూడేళ్లలో వ్యాధి తిరగబెట్టినది ఆస్పిరిన్ వర్గంలో 7.7 శాతం, రెండవ వర్గంలో 14.1 శాతం. అయితే తీవ్రమైన దుష్ఫలితాలు కూడ ఆస్పిరిన్ వర్గంలోనే ఎక్కువ.

ఒకే మాత్ర ఒకరికి రక్ష, ఒకరికి నిరుపయోగం, ఒకరికి హాని. రోగిని చూడక రోగాన్ని మాత్రమే చూసి మందివ్వరాదని మన శాస్త్రం చెప్పే మాటకు ఇంతకు మించిన ఉదాహరణ ఉండదు.

మానుపసుపు సారం

మన పాఠకులకు ఆసక్తి కలిగించే మరొక పరీక్ష చైనాలో జరిగినది. దారుహరిద్ర, అనగా మానుపసుపులో పసుపు రంగుకు కారణమైన ద్రవ్యం బెర్బెరిన్. దారుహరిద్రను, దాని నుండి తీసిన రసాంజనాన్ని మనవారు అతిసారం, రక్తార్శస్సు, నేత్రరోగాలలో వాడుతూ వచ్చారు. చైనాలో బెర్బెరిన్ మాత్ర విరేచనాలకు చిరకాలంగా వాడుకలో ఉన్న చవుక మందు. పాలిప్స్ తీసివేయించుకొన్న 1,108 మందిపై అక్కడి వైద్యులు దీనిని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. దినానికి రెండుసార్లు 300 మిల్లీగ్రాముల చొప్పున తీసికొన్నవారిలో 36 శాతానికి, ఉత్తుత్తి మాత్ర తీసికొన్నవారిలో 47 శాతానికి పాలిప్స్ మరల మొలిచాయి. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్‌ను జపానులో మధుమేహం లేని 151 మందికి అల్పమాత్రలో ఏడాదిపాటు ఇచ్చిన చిన్న పరీక్షలోనూ ఇటువంటి ఫలితమే వచ్చినది. అది 2016 నాటి మాట.

ఇది చదివి మానుపసుపు కషాయం కాచుకొని త్రాగితే క్యాన్సరు తగ్గుతుందని భావించరాదు. ఈ పరీక్ష పాలిప్స్ పునరుద్భవాన్ని గురించినది, క్యాన్సరును నయం చేయుటను గురించినది కాదు. వాడినది శుద్ధి చేసిన ద్రవ్యం, నిర్ణీత మాత్రలో. అంగడిలో దొరికే చెక్కలో బెర్బెరిన్ పాలు ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉంటుంది. పైగా కాలేయంలో ఇతర మందులను జీర్ణం చేసే ఎంజైములను ఇది అడ్డుకొనగలదు. గర్భిణులకు, పసికందులకు ఇది బొత్తిగా పనికిరాదు.

ఓడిపోయిన మందులు

కీళ్లనొప్పులకు వాడే సెలికాక్సిబ్‌ను మూడవ దశ రోగులు 2,526 మందిలో కీమోథెరపీకి జతచేసి చూశారు. 2021లో వెల్లడైన ఫలితాలలో నిశ్చయమైన లాభం కనబడలేదు. తర్కానికి నిలిచిన మందు పరీక్షకు నిలువకపోవచ్చునని దీనివలన తెలుస్తున్నది.

2019లో దక్షిణ కొరియాలో దీనికంటె విచారకరమైన సంగతి జరిగినది. కుక్కలకు ఇచ్చే నులిపురుగుల మందు ఫెన్‌బెండజోల్ క్యాన్సరును మాన్పుతుందన్న ప్రచారం ప్రబలి, రోగులు దానికై ఎగబడ్డారు. మనుషులలో పరీక్షింపబడని ఆ మందును వాడవద్దని అక్కడి ప్రభుత్వ ఔషధ శాఖ హెచ్చరింపవలసి వచ్చినది. లెవమిసోల్ కూడ నులిపురుగుల మందే. దానిని వందలమంది రోగులలో పోల్చి, లెక్కకట్టి, సంయోగం నిర్ణయించి వాడారు, మరింత మంచిది దొరికినపుడు విడిచిపెట్టారు. ఫెన్‌బెండజోల్ కేవలం చెప్పుడు మాటతో ఇంటింటికీ చేరినది.

గృహస్థులు పాటింపవలసినవి

1. ఆస్పిరిన్ ఇంట్లో ఉన్నది కదా అని స్వయంగా ప్రారంభించరాదు. జీర్ణాశయంలో పుండ్లు ఉన్నవారికి, రక్తం పలుచబరచే మందులు వాడేవారికి, శస్త్రచికిత్స దగ్గరపడినవారికి రక్తస్రావ భయం ఉన్నది. శస్త్రచికిత్స అయినవారు తమ గడ్డకు జన్యుపరీక్ష అవసరమా, ఆస్పిరిన్ తమకు తగునా అని క్యాన్సరు వైద్యుని అడుగవచ్చును. గుండెజబ్బుకు ఇదివరకే వాడుతున్నవారు వైద్యుని అడుగక మానరాదు.

2. కీమోథెరపీ పొందేవారు బలానికని విటమిను మాత్రలు సొంతంగా వేసికొనరాదు. ఫోలిక్ ఆమ్లం పైన చెప్పిన లూకోవోరిన్ వలెనే ఫ్లోరోయురాసిల్, కాపెసిటబిన్ మందుల తీక్ష్ణతను పెంచి నోటిపూత, విరేచనాలు అధికం చేయగలదు.

3. వాడుతున్న ప్రతి కషాయం, చూర్ణం, లేహ్యం, భస్మం పేరును ఒక కాగితం మీద వ్రాసి క్యాన్సరు వైద్యునికి చూపవలెను. వంటలో వేసే పసుపు, మిరియం వేరు. వాటి సారంతో చేసిన గొట్టం మాత్రలు వేరు. రెండవ వాటిని చికిత్సాకాలంలో అడుగక వాడరాదు. ఆయుర్వేద వైద్యుని వద్దకు వెళ్లినపుడు కీమోథెరపీ చీటీని తప్పక వెంట తీసికొనిపోవలెను.

4. ఆక్సాలిప్లాటిన్ ఇచ్చిన తరువాత కొద్ది రోజులు చల్లని నీరు, ఐసు పదార్థాలు తగిలితే గొంతులో, వ్రేళ్లలో తిమ్మిరి, పొడుపు కలుగుతాయి. గోరువెచ్చని నీరు, వేడి గంజి, పలుచని పెసరకట్టు హితం.

5. కీమోథెరపీ కాలంలో జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే కషాయాలతో కాలయాపన చేయక వెంటనే ఆస్పత్రికి పోవలెను. తెల్లకణాలు తగ్గినపుడు గంటలు కూడ విలువైనవి.

6. ఖర్చు లేని తోడు ఒకటి ఉన్నది. శస్త్రచికిత్స, కీమోథెరపీ ముగిసిన 889 మందిపై కెనడా, ఆస్ట్రేలియా మొదలైన దేశాలలో జరిగిన పరీక్ష ఫలితాలు 2025లో వెలువడ్డాయి. మూడేళ్లపాటు శిక్షకుని పర్యవేక్షణలో వ్యాయామం చేసినవారిలో ఎనిమిదేళ్లకు 90.3 శాతం జీవించి ఉండగా, ఆరోగ్య సూచనల పుస్తకం మాత్రమే పొందినవారిలో 83.2 శాతం ఉన్నారు. వైద్యుడు అనుమతించిన నాటి నుండి చురుకైన నడక మొదలిడి శక్తిని బట్టి పెంచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది

పైన చెప్పిన సంయోగాలన్నీ వ్యాధి ఏదో తెలిసిన తరువాతి మాటలు. మన ఇళ్లలో జరిగే నష్టం తరచుగా అంతకు ముందే జరుగుతున్నది. మలంలో రక్తం కనబడగానే మూలశంక అనుకొని ముల్లంగి రసమో, కందగడ్డ లేహ్యమో నెలల తరబడి వాడుతూ కూర్చుంటారు. సిగ్గుచేత స్త్రీలు చెప్పనే చెప్పరు. మొలలు ఉన్నవారికి పెద్దప్రేగు క్యాన్సరు రాకూడదన్న నియమం ఏదీ లేదు. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చును.

మలంలో రక్తం, కొన్ని వారాలుగా మారిన మలవిసర్జన పద్ధతి, ఒకసారి మలబద్ధం ఒకసారి విరేచనం, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గుట, విసర్జన పూర్తి కాలేదన్న భావన, వీటిలో ఏది ఉన్నను వైద్యపరీక్ష చేయించవలెను. తల్లిదండ్రులకుగాని తోబుట్టువులకుగాని ఈ వ్యాధి వచ్చినవారు లక్షణాలు లేకున్నను ఎప్పటి నుండి పరీక్షలు చేయించుకొనవలెనో వైద్యుని అడగవలెను. సాధారణ ప్రజలు 45వ ఏటి నుండియే పరీక్ష చేయించుకొనుట మేలని అమెరికా వైద్యసంఘాలు చెప్పుచున్నవి. మలంలో కంటికి కనిపించని రక్తాన్ని కనుగొనే పరీక్ష సులభమైనది. అవసరమైతే కొలనోస్కోపీ ద్వారా పాలిప్‌ను చూచి, అక్కడికక్కడే తీసివేయవచ్చును. పిలకగా ఉన్నపుడే తొలగించిన దానికి పాత మందుతోగాని కొత్త మందుతోగాని పని ఉండదు.

మందు ఇంట్లో ఉన్నా, మూలికల అంగడిలో ఉన్నా, ఆస్పత్రిలో ఉన్నా దాని గుణం యుక్తిని బట్టియే ఫలిస్తుంది. ఆ యుక్తికి మొదటి మెట్టు రోగనిర్ణయం. కావున రక్తం కనబడిన వారంలోనే దాని కారణాన్ని వైద్యునిచేత తేల్చుకొని, ఆ తరువాత మందును గురించి ఆలోచించవలెను.